పదకొండు మిల్లీమీటర్లు

నవంబర్ 4, మంగళవారం

నిన్న పొద్దున ఆరూ పదికి గోడ పడిపోయింది. వృద్ధుల కేంద్రం వెనక గోడ. అటు మా తవ్వకం, ఇటు వాళ్ల పెరడు, మధ్యలో అది.

ఎవరికీ ఏమీ కాలేదు.

ఈ ముక్క నిన్నటినుంచి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. మా ఆయన భరద్వాజ్‌కి చెప్పాను. మా అమ్మాయి నిఖిలకి చెప్పాను. అడగనివాళ్లకి నేనే ఫోన్ చేసి మరీ చెప్పాను. ఏడింటికైతే ఆ పెరట్లో పద్నాలుగు మంది ముసలివాళ్లు చేతులు చాపి వ్యాయామం చేస్తుంటారు. మోకాళ్లు నొప్పిగా ఉన్నవాళ్లకి ముందురోజే ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉంచుతారట. రెండు కుర్చీలు మట్టికింద దొరికాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

జరిగింది వరసగా రాసి పెట్టుకోవడం నయం. రేపు ఎవరైనా అడిగితే తడబడకుండా ఉంటాను.

ఆ గోడకి ఎప్పటినుంచో ఒక బీట. దానికి అడ్డంగా కొలతపలక అతికించాం. బీట ఎంత తెరుచుకుందో సైటులో కొలతలు తీసే కృష్ణయ్యగారు వారం వారం వెళ్లి చూసి రాసుకొస్తారు. ఆ అంకె చూసి నేను రిపోర్టు మీద సంతకం పెడతాను. పన్నెండు మిల్లీమీటర్లకి చేరితే తవ్వకం ఆపించాలి. ఆపించాల్సింది నేను. జూన్‌లో లారీ తగిలి పలక విరిగింది. అప్పటికి పదకొండు. కొత్త పలక పెట్టారు, అది సున్నా దగ్గర మొదలైంది. పాత పదకొండు దానికి కలుపుతూ రావాలి. కలపలేదు. పోయిన వారం కొత్త పలక ఆరు చూపిస్తే నేను సంతకం పెట్టాను. నిజానికది పదిహేడు.

కలపడం కృష్ణయ్యగారు మరిచిపోయారు. ఆయనకి అరవై ఆరేళ్లు. ఆ వయసులో మరిచిపోవడం వింతేమీ కాదు.

నవంబర్ 5

వాన. ఆయన ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

నవంబర్ 7, శుక్రవారం

మధ్యాహ్నం లిమ్ గదికి పిలిచాడు. లిమ్ మా ప్రాజెక్టు పెద్ద. పదకొండేళ్లుగా చూస్తున్నాను, ఎప్పుడూ టేబుల్ మీద కాగితం ముక్క ఉండదు. ఇవాళ ఉంది. ప్లాస్టిక్ సంచిలో కృష్ణయ్యగారి ఫీల్డ్ బుక్కు, ఆకుపచ్చ అట్టది.

"వసూ, ఈ అంచుల్లో రాసింది ఏం భాష? తమిళమేమో అని గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన్ని అడిగాను, కాదన్నాడు. మీదేనట కదా?"

చూశాను. తెలుగు. అంకెలన్నీ గళ్లలో ఇంగ్లీషులో చక్కగా ఉన్నాయి. పక్కనున్న ఖాళీలో, పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలు.

"విచారణ కమిటీ వాళ్లు ప్రతి అక్షరం ఫైల్లో ఉండాలంటున్నారు. బయట అనువాదకుడికి పంపితే నెల పడుతుంది. నువ్వు ఇంగ్లీషులో పెట్టి ఇచ్చెయ్యి. ఏముంటాయి, కూరగాయల లిస్టులు అయ్యుంటాయి. జపాన్ సెమినార్‌కి వెళ్లిరా, పద్దెనిమిదో తారీఖు మీటింగ్‌కి ఇస్తే చాలు."

"ఆయన్ని అడిగారా?" అన్నాను.

"అడిగితే ఒకటే మాట. ‘బుక్కులో ఉంది’ అంటాడు. ఇంక నోరు విప్పడు. ఈ నెలాఖరుకి అతని కాంట్రాక్టు అయిపోతుంది. మళ్లీ ఇవ్వకపోతే సరి అంటోంది హెచ్ఆర్. ఎవరికీ గొడవ లేదు."

తొమ్మిది పేజీల జిరాక్సు తెచ్చుకున్నాను.

కృష్ణయ్యగారికి తెలుగు రాయడం నేర్పింది నేనే. నాలుగేళ్ల కిందట, సైటు కంటైనర్‌లో, లంచ్ టైంలో. వాళ్ల తాత విశాఖ వైపునుంచి సముద్రం దాటి ఇక్కడి సెంబవాంగ్ ఓడరేవు పనికి వచ్చాడట. ఇంట్లో మాట మిగిలింది, అక్షరం పోయింది. "అరవై రెండేళ్లకి ఓనమాలేంటమ్మా, నవ్విపోతారు" అంటూనే చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేవారు. గుణింతాలయ్యాక నేనే చెప్పాను: రోజూ జరిగింది జరిగినట్టు రెండు ముక్కలు రాయండి, చేయి తిరుగుతుంది అని.

తిరిగింది.

నవంబర్ 8

చదవలేదు. ఇల్లంతా సర్దాను. ఫ్రిజ్ వెనక కూడా.

నవంబర్ 9, ఆదివారం

చదివాను.

"ఈ రోజు వాన. లిమ్ కొత్త బూట్లు వేసుకొచ్చినాడు. బురదలో పడినాడు. ఎవరూ నవ్వలేదు. నేను వెనక్కి పోయి నవ్వినాను."

"అమ్మకి జొరం. సగం రోజు."

"వసుంధరమ్మ చేపల పులుసు తెచ్చినాది. ఉప్పు ఎక్కువ. చెప్పలేదు."

జూన్ 19 కూడా చదివాను. మిగతావాటికంటే కాస్త పొడుగుంది. ఆఫీసులో ఈ అక్షరాలు చదవగలిగేది ఇద్దరమే. ఒకరు రాసినవారు.

"ఏం రాశాడాయన?" అన్నాడు భరద్వాజ్.

"వాతావరణం."

నిఖిల చెవుల్లోంచి ఇయర్‌ఫోన్ తీసి, "అమ్మా, వై యూ వాషింగ్ ద సేమ్ ప్లేట్? త్రీ టైమ్స్ ఆల్రెడీ లా" అంది, ఈ ఊరి యాసలో.

రేపు ప్రయాణం. కాగితాలు ఇక్కడే వదిలేసి వెళ్తాను. అవసరం లేదు, గుర్తున్నాయి.

నవంబర్ 10

కాగితాలు బ్యాగ్‌లోనే ఉన్నాయి.

నవంబర్ 12, బుధవారం, జపాన్

సాయంత్రం నాలుగున్నర. బూట్లలో పేపర్లు కుక్కి హీటరు దగ్గర పెట్టి ఇది రాస్తున్నాను. వాన ఆగలేదు.

సెమినార్ రేపు. ఇవాళ అందరినీ కోట చూడ్డానికి తీసుకెళ్లారు. కోట అంటే కోట ఉంటుందనుకున్నాను. లేదు. గుట్ట చుట్టూ మూడు అంచెలుగా రాతిగోడలు, ఒక మూలన తాళం వేసిన చిన్న బురుజు, అంతే. మిగిలిన కట్టడాలన్నీ నూట యాభై ఏళ్ల కిందట, కోటలిక అక్కర్లేదని ప్రభుత్వం అన్నప్పుడు, విప్పి కలప పట్టుకుపోయారట. పైకి ఎక్కితే ప్రభువుగారి మహలు ఉండాల్సిన చోట తడిసిన గడ్డి, నాలుగు బెంచీలు, వేడి కాఫీ డబ్బాలమ్మే మిషను. పన్నెండు మందిమి, పన్నెండు గొడుగులు. మెట్ల మీద నాచు. ఒకరి గొడుగు నీళ్లు ఇంకొకరి మెడలోకి.

మాకు దారి చూపించినాయన పేరు హయాషిగారు. డెబ్బై దాటి ఉంటాయి. తాతలనాటినుంచి రాళ్లు పేర్చే పనేనట. పసుపుపచ్చ రెయిన్‌కోటు, చేతిలో కర్ర. ఆయన ఫోన్‌లోకి మాట్లాడితే అది ఇంగ్లీషులో చెప్తుంది. తడిసిన ఫోను సగం మాటలు మింగేస్తోంది.

గోడకి సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి, వెనకాల బారెడు మందాన గులకరాళ్లు. సందుల్లోంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి. మాలో ఒకడు "లీకేజ్!" అంటే అందరూ నవ్వారు. హయాషిగారు నవ్వలేదు. నీళ్లు బయటికి వస్తుంటే భయం లేదన్నారు. వానలో కూడా గోడ పొడిగా ఉంటే అప్పుడు మాకు నిద్ర పట్టదన్నారు.

కింది అంచెలో కొంత భాగం కొన్నేళ్ల కిందట వానలకి పడిపోయిందట. ఆ రాళ్లన్నీ ఒక మైదానంలో టార్పాలిన్ల మీద పరిచి ఉన్నాయి. వందల రాళ్లు, ప్రతిదాని మీదా తెల్లరంగుతో నంబరు. ఏ రాయి ఎక్కడుండేదో ఎలా తెలుస్తుందని ఎవరో అడిగారు. ఊళ్లోవాళ్లని పాత ఫొటోలు అడిగారట. గోడ ముందు నిలబడి తీయించుకున్న పెళ్లి ఫొటోలు, స్కూలు పిల్లల గ్రూపు ఫొటోలు, చంకలో బిడ్డతో ఎవరో ఆవిడ. మనుషుల వెనకాల కనిపించిన రాళ్లని బట్టి పోల్చుకుంటున్నారు.

నేను వెనకబడ్డాను. పై అంచె మలుపులో గోడ కొంచెం పొట్ట వేసి ఉంది. నాలాంటివాళ్ల కళ్లు అక్కడికే పోతాయి. దగ్గరికి వెళ్లి చూస్తే రెండు రాళ్ల మధ్య సందుకి అడ్డంగా ఒక గాజు పుల్ల. జానెడు పొడుగు, పెన్సిలంత లావు. రెండు చివర్లా తెల్లటి ముద్దతో అతికించి ఉంది. రాళ్లు వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది. మా కొలతపలక పనే, తాతగారి రోజుల పద్ధతిలో.

ఒకటి కాదు. పక్కపక్కనే నాలుగున్నాయి. మూడు విరిగిపోయినవి, నాలుగోది మాత్రం సాంతం ఉంది. ఒక్కోదాని కింద చిన్న రేకుముక్క మీద తేదీ. పెట్టిన తేదీ, విరిగిన తేదీ. నాలుగోదానికి పెట్టిన తేదీ ఒక్కటే. పక్కన ఖాళీ.

హయాషిగారు వెనకనుంచి వచ్చి గొడుగు నా మీద పట్టారు. అప్పుడు తెలిసింది నా గొడుగు మూసేసి ఉందని.

"విరిగినవి ఎందుకు తీసెయ్యలేదు?" అన్నాను.

ఫోన్‌లోకి చెప్పాను. ఫోన్ చెప్పింది. ఆయనకి అర్థం కాలేదు. మళ్లీ చెప్పించాను. ప్రశ్న అర్థమైంది కానీ అలా ఎందుకడిగానో అర్థం కానట్టు నా మొహంలోకి చూశారు. చివరికి ఫోన్ లేకుండా, తనకొచ్చిన ఇంగ్లీషులోనే అన్నారు: "తీసేస్తే, ముందు ఎంత కదిలింది, ఎవరికి తెలుసు?"

తర్వాత, "మీదీ ఇదే పని?" అన్నారు.

"అవును."

"మీ గోడ, ఎలా ఉంది?"

"పడిపోయింది" అన్నాను.

ఆయన తల వంచారు. ఎవరైనా పోయారని చెబితే వంచినట్టు. అక్కడే ఉండి చాలాసేపు నా మీద గొడుగు పట్టారు.

మిగతావాళ్లు కాఫీ మిషను దగ్గర ఉండగా బురుజు చూరు కింద నిలబడి బ్యాగ్ తెరిచాను. కాగితాల అంచులు తడిశాయి. తడిసి ముద్దైపోతే బావుండుననిపించింది. అనిపించగానే అసలుది లిమ్ దగ్గర ఉందని గుర్తొచ్చింది. ఆ సంగతి గుర్తు రాకపోతే ఏం చేసేదాన్నో.

"19-6. లారీ గుద్దినాది. పలక విరిగినాది. కొత్త పలక పెట్టినాను. పాత 11 కలిపి రాయాల గదమ్మా అని అడిగినాను. వసుంధరమ్మ సున్నా నుంచి రాయండి అన్నాది. తరవాత నేను చూసుకుంటాను అన్నాది. సరే అన్నాను."

అలా అన్నానా?

అన్నట్టే ఉంది. ఆ రోజు ఎండ మండిపోతోంది. ఎండకి గోడ సాగుతుంది, పదకొండులో మూడో నాలుగో ఎండవే అయ్యుంటాయనిపించింది. అనిపించిందా? ఇంకొక్కటి పెరిగితే పన్నెండు. పన్నెండంటే పని ఆపాలి. ఆపితే లిమ్ ముందు నిలబడి ఎందుకో చెప్పాలి. నిఖిల పరీక్షల వారమది. సున్నా నుంచి మొదలుపెట్టి రెండు వారాలు చూద్దాం, ఏమీ కదలకపోతే అప్పుడు నిదానంగా కలుపుదాం అనుకున్నాను. రెండు వారాలయ్యాక మరిచిపోయాను. మరిచిపోయానా?

సందేహించడానికే నాకు జీతం. కూర గిన్నె కింద గ్యాస్ కట్టేశానో లేదో అని మెట్రో స్టేషను దగ్గరనుంచి వెనక్కి వచ్చే మనిషిని. ఆ ఒక్కరోజు నాకు ఏ సందేహమూ రాలేదు.

నవంబర్ 13

నా పేపరు చదివాను. "నగర తవ్వకాల్లో ముందస్తు హెచ్చరికలు." చప్పట్లు కొట్టారు.

నవంబర్ 15, శనివారం

దిగాక ఇంటికి రాలేదు. సూట్‌కేసుతోనే యీషున్ వెళ్లాను, కృష్ణయ్యగారింటికి. ఏం మాట్లాడాలో ట్రైన్‌లో అనుకున్నదంతా లిఫ్టులో మరిచిపోయాను.

తలుపు తీసే ఉంది. ఇనుప గ్రిల్లు అవతల వాళ్లమ్మ సూరమ్మగారు కుర్చీలో కూర్చుని చిక్కుళ్లు తుంచుతున్నారు. ఎనభై తొమ్మిదేళ్లు.

"ఎవులూ? పంతులమ్మా? రాయే రా. ఆడు పసార్‌కి ఎల్లాడు, కూరలకి. కూకో. ఆ పెట్టేటి, ఊరికెల్తన్నావా?"

"వచ్చానండీ, ఊరినుంచే."

"మా ఓడికి అచ్చరాలు నేర్పినావు. నా పాలిట సల్లని తల్లివి. కాయితాల సంగతి సెప్పినాడా నీకు?"

చెప్పలేదన్నాను. ఆవిడ లేచి, బీరువా మీంచి బిస్కట్ల డబ్బా దింపించారు నాచేత. లోపల నీలం కాగితాలు, మడతల దగ్గర చిరిగినవి. ఆవిడ నాన్న ఊరినుంచి రాసిన ఉత్తరాలట.

"నాకా సదువు రాదు. మా ఆయనకీ రాదు. అప్పట్లో క్వార్టర్స్‌లో ఒక గుమస్తా ఉండీవోడు, మనోడే. ఎవలికి కాయితం వొచ్చినా ఆడి కాడికే. సదివి పెడితే రెండు అరటిపళ్లు ఇచ్చీవాళ్లం. ఇదిగో, ఈ కాయితం. కిష్ణడు నా కడుపులో ఉన్నాడు అప్పుడు. ఓడ ఎక్కొద్దన్నారు, మా సెల్లి పెళ్లికి ఎల్లలేదు. మా అయ్య రాసినాడు. గుమస్తా సదివినాడు: ‘అంతా కులాసా, పెళ్లి బాగా జరిగినాది, నీ ఒళ్లు జాగర్త.’ ఆ తరవాత మా అయ్య కాయితం రాలేదు. రెండేళ్లకి పోనాడని కబురొచ్చినాది."

చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టారు.

"మొన్న ఏడాది మా ఓడు ఇయన్నీ తీసి సదవడం మొదలెట్టినాడు. ఈ కాయితం కాడికొచ్చి ఆగిపోనాడు. ‘ఏటిరా?’ అన్నాను. ‘అంతా కులాసా అమ్మా’ అన్నాడు. గొంతు బట్టి పట్టేసినాను. ఉన్నది ఉన్నట్టు సదవరా ఎదవా అన్నాను. సదివినాడు. మా అయ్య ఏం రాసినాడంటే, ‘సెల్లి పెళ్లికి రాని కూతురు నాకు కూతురు కాదు. వచ్చి నా కళ్ల ముందు నిలబడి కారణం సెప్తే సరి, లేకపోతే ఇదే ఆకరి కాయితం.’"

ఆ కాగితాన్ని పాత మడతల మీదే మడిచి డబ్బాలో పెట్టాను.

"గుమస్తా మంచోడే. కడుపుతో ఉన్న మనిషి, బాద పడుతాదని ఆపేసినాడు. అరవై ఆరేళ్లు మా అయ్యకి నా మీద కోపమే లేదనుకున్నాను. తెలిస్తే ఒక ముక్క రాయించీదాన్ని గదా, ‘అయ్యా, కడుపుతో ఉన్నాను’ అని. ఒక్క ముక్క." మళ్లీ చిక్కుళ్లు అందుకున్నారు. "ఆడికి రెండు అరటిపళ్లు కూడా ఇచ్చినాను."

కృష్ణయ్యగారు సంచులతో వచ్చారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"మకాన్ అయిందా అమ్మా?" అన్నారు, భోజనం అయిందా అని, ఎప్పటిలాగే.

ఇద్దరం బయట కారిడార్‌లో నిలబడ్డాం. కింద వాన నీళ్లలో పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు.

"లిమ్‌కి ఎందుకు చెప్పలేదు మీరు?" అన్నాను. ఆయన తప్పు పట్టుకోవడానికే వచ్చినట్టు ఉంది నా గొంతు.

"చెప్పినాను. బుక్కులో ఉందని చెప్పినాను."

"నోటితో చెప్పచ్చు కదా."

"నోటికి మీ ఈమెయిలు అడ్డం అమ్మా. ‘కొత్త పలక పెట్టడమైనది, రీడింగ్ నార్మల్.’ మీ పేరుతో ఉంది. నా నోరు ఎంత, మీ ఈమెయిలు ఎంత." ఆయన సంచిలోంచి కొత్తిమీర తీసి దులిపారు. "జరిగింది జరిగినట్టు రాయండి అని మీరే గదా చెప్పినారు. రాసినాను. రాయడం వరకు నా పని."

"నా మీద కోపంగా ఉందా?"

"ఉంది."

అలా అంటారనుకోలేదు. లేదమ్మా అంటారనే అంత దూరం వెళ్లానని అప్పుడు తెలిసింది.

"పడిన పొద్దున నేను అక్కడికి పోయినాను. ఆ కుర్చీలు రెండూ మట్టిలోంచి లాగింది నేనే. ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. నా పలక, నా అంకెలు. ఆరు, ఆరు అని రాసుకొచ్చినాను. నా మీద కూడా ఉంది కోపం, ఆ రోజు సరే అన్నందుకు." తర్వాత, "తిని వెళ్లండి. అమ్మ వదలదు" అన్నారు.

తిన్నాను. చిక్కుడుకాయ కూర. ఉప్పు సరిగ్గా ఉంది.

నవంబర్ 16, ఆదివారం

భరద్వాజ్‌కి చెప్పాను. మొత్తం. టీవీ కట్టేసి విన్నాడు.

"నీ ఇంజనీరు రిజిస్ట్రేషన్ పోవచ్చు."

"తెలుసు."

"ఆయనకి అరవై ఆరు. ఇవాళ కాకపోతే రేపు మానేసేవాడే. నీకు నలభై ఐదు. నువ్వే లెక్క చూసుకో."

ఆ లెక్క నేనూ చూశాను. భరద్వాజ్ కంటే ముందే చూశాను. కాదనను.

మధ్యాహ్నం కూర్చుని ఇంగ్లీషులో పెట్టాను. జూన్ 19కి రెండు రకాలుగా రాశాను. మొదటిది: లారీ తగిలి పలక విరిగింది, కొత్త పలక సున్నాతో మొదలైంది. ఒక్క మాటా అబద్ధం కాదు. కాస్త పొట్టి, అంతే. కడుపుతో ఉన్న మనిషికి చదివినట్టు.

రెండోది ఉన్నది ఉన్నట్టు.

రెండూ ప్రింట్ తీశాను.

నవంబర్ 17

రెండూ బ్యాగ్‌లో ఉన్నాయి.

నవంబర్ 18, మంగళవారం

మీటింగ్ పదకొండింటికి. లిమ్, హెచ్ఆర్ అమ్మాయి, విచారణ కమిటీనుంచి ఒక పెద్దావిడ, చివరి కుర్చీలో కృష్ణయ్యగారు. ఇస్త్రీ చొక్కా. జేబులో పెన్సిలు.

"ఏమున్నాయి, కూరగాయలేనా?" అన్నాడు లిమ్.

కాగితం ఇచ్చెయ్యడమే అనుకున్నారు. నేను చదువుతానన్నాను. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో, మొదటినుంచీ. పెద్దావిడ వాచీ చూసుకుని సరేనంది.

బురదలో పడిన బూట్లు చదివాను. లిమ్ ఎర్రబడి, తర్వాత తనే పెద్దగా నవ్వాడు. చేపల పులుసు చదివాను. కృష్ణయ్యగారు కిటికీవైపు చూశారు. జ్వరం చదివాను. ఎవరూ వినడం లేదు అప్పటికి. హెచ్ఆర్ అమ్మాయి ఫోన్ చూసుకుంటోంది. జూన్ 19 తెలుగులో చదువుతుంటే నా గొంతు మామూలుగానే ఉంది. అది చూసి నాకే భయమేసింది. ఇంగ్లీషులో చదివాను.

"ఆగండి" అంది పెద్దావిడ. "సున్నా పెట్టమన్న ఈ వసుంధరమ్మ ఎవరు?"

"నేను."

లిమ్ నవ్వు ఇంకా మొహం మీదే ఉండిపోయింది, దింపడం మరిచిపోయినట్టు.

ఆవిడ మళ్లీ చదవమంది. చదివాను. ఇది నిజమేనా అంది. నిజమే అన్నాను. ఎందుకు అంది. ఎండ గురించి చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి, "పన్నెండు అయితే ఆపాలి. ఆపడం ఇష్టం లేక" అన్నాను. ఆవిడ రాసుకుంది. చాలాసేపు రాసుకుంది.

రేపటినుంచి నేను దేనిమీదా సంతకం పెట్టకూడదు. మిగతాది ఉత్తరం ద్వారా తెలియజేస్తారట. కృష్ణయ్యగారి కాంట్రాక్టు ఫైలు విచారణ తేలేదాకా ముట్టుకోవద్దని హెచ్ఆర్ అమ్మాయికి ఆవిడే చెప్పింది. ఆ తర్వాత ఆయన్ని మొదటిసారి "మిస్టర్ కృష్ణయ్యా" అని పిలిచి, రేపు మీరు రండి, మిమ్మల్ని అడగాల్సినవి చాలా ఉన్నాయంది.

బయట లిమ్ నా పక్కన నడిచాడు. "ఆ ముక్క వదిలేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు, వసూ."

"ఆయన అక్కడే కూర్చున్నారు కదా" అన్నాను.

లిఫ్టు దగ్గర కృష్ణయ్యగారూ నేనూ. ఇద్దరం తలుపు మీద ఎర్ర అంకెలు చూస్తున్నాం.

"ఉప్పు సంగతి చదవకుండా ఉండాల్సిందమ్మా" అన్నారు.

"రాశారు కదా."

"రాసినాను." లిఫ్టు బటన్ మళ్లీ నొక్కి, "ఇప్పుడూ ఎక్కువే వేస్తారా?" అన్నారు.

"ఇంకా నేర్చుకుంటున్నాను" అన్నాను.

లిఫ్టు వచ్చింది. ఆయన ముందు ఎక్కి, తలుపు మూసుకుపోకుండా చెయ్యి అడ్డం పెట్టారు.

ఇంటికి వచ్చేసరికి మూడు. నిఖిల ఇంకా రాలేదు. టీ కాచుకుని ఈ పుస్తకం మొదటి పేజీ తీశాను. నవంబర్ 4. "కలపడం కృష్ణయ్యగారు మరిచిపోయారు." నా దస్తూరీయే. ఆయన వయసు కూడా వేశాను.

చించుదామని పేజీ మూల పట్టుకున్నాను. వదిలేశాను. కొట్టెయ్యను కూడా. ఉండనీ. పక్కన అంచులో కాస్త ఖాళీ ఉంది, అందులో ఇవాళ్టి తేదీ వేసి రాశాను:

"జూన్ 19న పాత పదకొండు కలపాలి కదా అని కృష్ణయ్యగారు అడిగారు. నేను వద్దన్నాను. ఇద్దరిలో ఎవరమూ మరిచిపోలేదు."